బీప్ కింద ఉన్న మాట

యూనివర్సిటీ రేడియోలో స్వరూపను అందరూ "బీప్ స్వరూప" అనేవాళ్లు. అందులో ఎగతాళి లేదు. అలా చెప్తే తప్ప ఆమె ఎవరో ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు. గదిలోకి వచ్చినా తెలియదు, వెళ్లినా తెలియదు, అంత నెమ్మదైన మనిషి. ఆమె వేసిన బీప్ మాత్రం మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి నల్లకుంట కూరగాయల మార్కెట్ దాకా వినిపించేది.

ఆమె పని అదే. రికార్డు చేసిన కార్యక్రమాలను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి. జనం వినకూడని మాట తగిలితే దాని మీద కూఁ అని బీప్ కప్పాలి. లైవ్ అయితే ఎర్ర బటన్ నొక్కాలి. లైవ్ అని పేరే గానీ, స్టూడియోలో అన్న మాట బయట రేడియోల్లో పలకడానికి నిమిషం దాకా ఆలస్యం పెట్టి ఉంటుంది. ఆ కాసేపు మాట యంత్రంలోనే ఆగి ఉంటుంది. నోట్లోంచి వచ్చేసింది, ఎవరి చెవికీ చేరలేదు. ఆ సందులో స్వరూప వేలు ఉంటుంది.

స్వరూప చదువు ఇంటర్ మొదటి సంవత్సరంతో ఆగిపోయింది. పరీక్ష తప్పలేదు, ఫీజుకు ఇబ్బందీ రాలేదు. ఒక మాట వల్ల ఆగింది. తార్నాక బస్టాపులో బండ్ల మీద కూర్చునే ముగ్గురు కుర్రాళ్లు ఆమెను రోజూ ఒక మాటతో పిలిచేవాళ్లు. కోపంగా కాదు. ఇంట్లో వాళ్లు పేరు పెట్టి పిలిచినంత మామూలుగా పిలిచేవాళ్లు. ఒకరోజు తల్లి భారతమ్మ పక్కన ఉండగా కూడా పిలిచారు. భారతమ్మ వాళ్లవైపు చూడనైనా చూడలేదు. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టి, "రేపటి సంది కాలేజీ లేదు, ఏం లేదు. ఇంట్ల ఉండు" అంది.

"నేనేం జేసిన్నే అమ్మా?"

"నువ్వేం జెయ్యలే బిడ్డా. గా మాట పదిమంది ఇన్నరంటే ఇగ అదే నీ పేరైతది."

ఆ ముగ్గురూ డిగ్రీలు పూర్తి చేశారు. ఒకడు ఇప్పుడు తార్నాకలో కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడు. ఫ్లెక్సీ మీద చేతులు కట్టుకుని నవ్వుతూ ఉంటాడు.

భారతమ్మ యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో వంట చేసేది. కొన్నేళ్ల తర్వాత వార్డెన్ మేడమ్‌ను బతిమాలి కూతురిని రేడియోలో ఊడ్చే పనికి పెట్టించింది. ఊడుస్తూ ఊడుస్తూ, వెనక నిలబడి చూస్తూ చూస్తూ, స్వరూప కంప్యూటర్ మీద సౌండు కోయడం, అతకడం నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు. ఎడిటింగ్ అబ్బాయి ఉద్యోగం మానేసిన వారం రేడియో మేనేజరు సుబ్బరాయుడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయనది కడప వైపు. నల్లకుంటలో పాతికేళ్లుగా ఉన్నా ఊరి మాట పోలేదు.

"నువ్వే కరెక్టమ్మా ఈ పనికి" అన్నాడు. "సిగ్గుపడే మనిషివి. నీ ముఖం ఎర్రబడిందంటే అది బీప్ వెయ్యాల్సిన మాటే. ఇంకా అనుమానముంటే ఒకటే పరీక్ష. నల్లకుంటలో మా యమ్మ పూజ చేసుకుంటా రేడియో వింటాది. ఆయమ్మ చెవిన పడొచ్చునంటే పోనీ. పడగూడదంటే కప్పెయ్."

స్వరూప తల ఊపింది. నియమం బాగుందనే అనుకుంది. ఆదివారాల దగ్గరే అది ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఆదివారం పొద్దున వెంకటకృష్ణ గారి హాస్యప్రసంగం వచ్చేది. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. జరీ కండువా, నోటినిండా తియ్యటి తెలుగు. ఒక ఆదివారం ఆయన లేడీస్ హాస్టల్ మెస్సు మీద జోకు వేశాడు. అక్కడ వడ్డించే ఆడవాళ్ల గరిటె చూడొద్దట, నడుము చూడాలట, పప్పు నీళ్లలా ఉన్నా ఆకలి దానంతట అదే తీరుతుందట. తర్వాత ఆ నడుము వంపుల గురించి ఇంకా ఏవేవో అన్నాడు. అన్నీ పుస్తకాల్లో ఉండే మాటలే. స్వరూప ముఖం ఎర్రబడింది. బీప్ కప్పింది. సుబ్బరాయుడు విని బీప్ తీసేశాడు.

"ఇది శృంగారమమ్మా, బూతు గాదు. తేడా తెలుసుకోవాల. మా యమ్మ వింటే పడీ పడీ నవ్వుతాది."

"మా అమ్మ గా మెస్సులనే పనిజేస్తది సార్" అంది స్వరూప. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో సుబ్బరాయుడికి తెలియదు.

"అయితే ఆయమ్మ కూడా నవ్వుతాదిలే" అన్నాడు.

భారతమ్మ కూడా ఆ ప్రసంగం విన్నది. "ముసలాయన నవ్విస్తడు" అంది, అంతే. కానీ మర్నాటి నుంచి మెస్సులో వడ్డించేటప్పుడు ఆమె, ఆమెతోపాటు ముగ్గురు నలుగురు ఆడవాళ్లు, కొంగు తీసి నడుము చుట్టూ బిగించి కట్టుకోవడం మొదలుపెట్టారు. ఎండాకాలం, పొయ్యిల వేడి. అయినా ఎవరూ విప్పలేదు.

నరహరి వచ్చింది ఆ ఎండాకాలంలోనే. జనగామ దగ్గర పల్లెటూరు వాడు, వ్యవసాయం ఇంటి పిల్లవాడు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ హాస్టల్లో ఉండేవాడు. ర్యాప్ పాడతాడని కొత్తగొంతుల కార్యక్రమానికి పిలిచారు. వచ్చీ రాగానే స్వరూపను "అక్కా, మైకు గింత దగ్గరుంటె మంచిదా?" అని అడిగాడు. ఆమెను ఉద్యోగం పేరుతో కాకుండా వరస పెట్టి పిలిచింది ఆ గదిలో అతనొక్కడే.

పాట మొదలుపెట్టే ముందే సుబ్బరాయుడు నవ్వాడు. "ర్యాపంటేనే బూతు గదప్పా. స్వరూపా, వేలు సిద్ధంగా పెట్టుకో."

"ఒక్కటే మాటున్నది సార్" అన్నాడు నరహరి. "అది నేననేది గాదు. మా అక్క కరుణ గీ క్యాంపస్‌లనే చదివింది. హాస్టల్ గేటు కాడ పోరగాండ్లు ఆమెను పిలిచిన మాట. మధ్యలనే ఇడిసిపెట్టి ఇంటికి పోయింది."

"ఎవురన్నా మాట మాటే. కప్పాల్సిందే."

"మరి ఆదివారం పెద్దాయన అన్నదో?"

సుబ్బరాయుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆయన పండితుడప్పా. నువ్వు పాడు."

నరహరి పాడాడు. పాట మధ్యలో ఇలా వచ్చింది. హాస్టల్ గేటు కాడ ఆడపిల్ల నడుస్తుంటె, వాళ్లు పిలిచిన పేరు ఫలానా, నేను పిలిచిన పేరు అక్క. ఫలానా దగ్గర అతను ఆ మాట ఉన్నదున్నట్టు పలికాడు. స్వరూపకు బస్టాపు గుర్తొచ్చింది. ఆ ముగ్గురు పలికిన మాటే. కాకపోతే ఇతను పలుకుతుంటే గొంతు వణికింది. వాళ్ల గొంతు ఎన్నడూ వణకలేదు.

ఆ సాయంత్రం ఆమె బీప్ వేయడానికి కూర్చుంది. మాట మొదటి అక్షరం కూడా బయటికి పోకూడదు కాబట్టి కాస్త ముందునుంచే కప్పడం అక్కడి పద్ధతి. సరిగ్గా ఎక్కడ మొదలైందో తెలియాలంటే అదే చోట మళ్లీ మళ్లీ వినాలి. స్వరూప వినలేకపోయింది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేసి, తెర మీద కనిపించే గీతలు చూసి అందాజాగా కప్పేసింది. నరహరి ఒక్క ఊపిరిలో పాడాడు, గీతలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. బీప్ ఆ ఒక్క మాట మీదే పడలేదు. దాని ముందున్న "వాళ్లు పిలిచిన పేరు" మీద కూడా పడింది.

పాట ప్రసారమైంది. రెండు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. మూడోనాడు ఆ ముక్క ఫోన్లలో తిరగడం మొదలైంది. "హాస్టల్ గేటు కాడ ఆడపిల్ల నడుస్తుంటె" అని నరహరి గొంతు, తర్వాత కూఁ అని పొడుగాటి బీప్, తర్వాత "నేను పిలిచిన పేరు." అక్కడ కోసేశారు. "అక్క" అన్న మాట లేదు. కింద ఎవరో రాశారు, లేడీస్ హాస్టల్ అమ్మాయిలను యూనివర్సిటీ రేడియోలో బూతు తిట్టిన పీహెచ్‌డీ స్టూడెంట్ అని.

బీప్ కింద ఏముందో ఎవరికీ తెలియదు. అందుకని ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకున్నారు. టీ కొట్టు దగ్గర ఒకడు ఒకటి చెప్పాడు, మెట్రో మెట్ల మీద ఇంకొకడు ఇంకోటి చెప్పాడు. మాట చేతులు మారినకొద్దీ పెద్దదైంది. సాయంత్రానికి విద్యార్థి నాయకుడు దినేష్ ఆర్ట్స్ బ్లాకు ముందు మైకు పట్టుకుని, "మన అక్కచెల్లెండ్ల మానం దీసినోన్ని క్యాంపస్‌ల తిరగనిస్తమా?" అని అడిగాడు. తిరగనివ్వమని వందమంది అరిచారు. చింతచెట్ల మీది నెమళ్లు బెదిరి అరిచాయి.

నరహరి గది తలుపు మీద ఎవరో బొగ్గుతో ఆ మాటే రాశారు. ఆడవాళ్లను తిట్టాడన్న కోపంతో అతని తల్లిని తిడుతూ రాశారు. హాస్టల్ వార్డెన్ పిలిచి, రేడియోలో లైవ్‌గా క్షమాపణ చెప్పకపోతే గది ఖాళీ చేయాలని, ఆపైన పీహెచ్‌డీ సంగతి కమిటీ చూస్తుందని చెప్పాడు. శనివారం సాయంత్రం అన్నారు. దినేష్ కూడా స్టూడియోలో కూర్చుంటాడన్నారు.

స్వరూప అసలు రికార్డు తీసి, పళ్లు బిగబట్టి, ఆ చోటే మళ్లీ మళ్లీ విన్నది. అప్పుడు తెలిసింది తను ఏం కప్పిందో.  వెళ్లి సుబ్బరాయుడికి చెప్పింది.

"సార్, బీప్ ఎక్కువ వడ్డది. వాళ్లు పిలిచిన పేరు అని పాడిండు. అది గూడ కప్పేసిన. ఒక్కసారి అసలుది ఇనిపిస్తే అయిపోతది సార్."

సుబ్బరాయుడు లేచి తలుపు వేశాడు. ఆయన కూడా భయపడ్డాడని ఆమెకు అప్పుడే తెలిసింది.

"అసలుది వినిపిస్తే ఆ మాట గాలిలోకి పోతాది. మన లైసెన్సు పోతాది. నా ఉద్యోగం పోతాది, నీదీ పోతాది. వాడు సారీ చెప్తాడు, వాళ్లు చప్పట్లు కొడ్తారు, సోమవారానికి అందరూ మర్చిపోతారు. బీప్ పొడుగైందని యాడన్నా నోరు జారేవు. ఆ గుంపు వాణ్ని వదిలేసి నీ ఇంటికొస్తాది. ఆడమనిషివి. ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంటూ బయటికొచ్చేసరికి నరహరి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. పక్కన బట్టల సంచి ఉంది.

"అక్కా, నా పాటల మూడు మాటలు ఎక్కువ పోయినయ్. మిషిన్ ఖరాబైందా?"

"మిషిన్ గాదన్నా" అంది స్వరూప. నేల చూస్తూ అంది. "నా చెయ్యి."

 రోడ్డు మీద రెండు బండ్లు మెల్లగా వెళ్లి, మలుపు దగ్గర తిరిగి, మళ్లీ మెల్లగా ఇటే వచ్చాయి. బండ్ల మీది వాళ్లు నరహరిని చూశారు, స్వరూపను కూడా చూశారు.

"మా అక్క ఫోన్ జేసింది పొద్దున" అన్నాడు నరహరి. "నా మీద పాట గట్టినవంట గద, గిప్పుడు నువ్వే నన్ను తిట్టినవంటున్నరేందిరా అన్నది. ఆమెకేం జెప్పాలె నేను?" సంచి దగ్గరికి లాక్కుని, "నువ్వు చెప్తవా అక్కా వాళ్లకు?" అన్నాడు.

  బండ్లు మూడోసారి తిరిగి వస్తున్నాయి. ఆమె చున్నీ సర్దుకుని తలవంచుకుని నడిచి వెళ్లిపోయింది.

శనివారం సాయంత్రం రేడియో భవనం ముందు జనం నిండారు. ఆ పూట వాళ్లు వినడానికని సుబ్బరాయుడు వరండాలో స్పీకరు పెట్టించాడు. స్వరూప పక్కనుంచి ఒదిగి లోపలికి పోతుంటే, బండి మీద కూర్చున్న ఒకడు ఆమెను పిలిచాడు. ఏయ్ అని, తర్వాత ఆ మాట. "బటన్ మంచిగ నొక్కు" అన్నాడు. బస్టాపులోని వాళ్లు పిలిచినట్టే పిలిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆడపిల్లల గౌరవం కాపాడాలని రాసిన అట్టముక్క ఒకటి అతని బండి ముందు కట్టి ఉంది.

ఆమె కంట్రోల్ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. అద్దం అవతల స్టూడియోలో సుబ్బరాయుడు, నరహరి, దినేష్ బల్ల చుట్టూ కూర్చున్నారు. నేను చెయ్యెత్తితే నొక్కు, ఎత్తకపోతే ముట్టుకోవద్దు అని సుబ్బరాయుడు ముందే చెప్పి పెట్టాడు. ఆమె వేలు ఎర్ర బటన్ మీద పెట్టింది.

ఎర్ర లైటు వెలిగింది. సుబ్బరాయుడు నాలుగు మర్యాద మాటలు చెప్పాడు. దినేష్ స్త్రీల గురించి, సంస్కృతి గురించి మాట్లాడాడు. నరహరి వంతు వచ్చింది.

"నా పాట ఇని ఎవలకన్న బాధయితే, మాఫ్ జెయ్యుండ్రి" అన్నాడు. దినేష్ కుర్చీలో వెనక్కి వాలాడు. "కని నా పాటల ఏమున్నదో ఒక్కసారి ఇనుండ్రి. నేను పాడ, ఉత్తగ చెప్త. హాస్టల్ గేటు కాడ ఆడపిల్ల నడుస్తుంటె, వాళ్లు పిలిచిన పేరు లంజ. నేను పిలిచిన పేరు అక్క. గంతే ఉన్నది. ఆ ఆడపిల్ల మా సొంత అక్క."

సుబ్బరాయుడి చెయ్యి పైకి లేచింది.

దినేష్ కూడా లేచాడు. "మల్ల అదే మాటంటవారా, లంజకొడుకా! నిన్ను, నీ అక్కను గేటు కాడ్నే..." ఆపైన అతను అన్నదంతా మైకులోకి వెళ్లింది.

అప్పుడు స్వరూప చూసింది. సుబ్బరాయుడి చెయ్యి కిందికి దిగింది. దినేష్ మాట్లాడుతున్నంతసేపూ దిగే ఉంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆదివారం పెద్దాయన సంగతి నరహరి అడిగినప్పుడు తుడుచుకున్నట్టే.

మాటలు రెండూ ఇంకా యంత్రంలోనే ఉన్నాయి. బయట స్పీకరులో నరహరి ఇప్పుడే మాఫ్ చేయమంటున్నాడు, జనం ఈలలు వేస్తున్నారు. ఇప్పుడు నొక్కితే అన్నీ మొన్నటిలాగే ఉంటాయి. నరహరి సంచి పట్టుకుని జనగామ బస్సెక్కుతాడు. ఆమె ఉద్యోగం ఉంటుంది. బీప్ కింద ఏముందో జనం మళ్లీ తమకు తోచింది పెట్టుకుంటారు.

స్వరూప వేలు తీసేసింది. తీసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

వరండాలో నరహరి గొంతు వాళ్లు పిలిచిన పేరు చెప్పింది. తను పిలిచిన పేరు కూడా చెప్పింది. ఈలలు ఆగాయి. ఆ వెంటనే దినేష్ గొంతు వచ్చింది, మొదటి నుంచి చివరి దాకా. మెస్సులో, టీ కొట్లలో, ఆటోల్లో, నల్లకుంట పూజగదిలో ఒక్కసారే వచ్చింది. లోపల దినేష్ అప్పటికే కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాడు. అతనికింకా తెలియదు. ఒళ్లో ఉన్న ఆమె చేతులు చూసి సుబ్బరాయుడికి తెలిసింది. అద్దంలోంచి ఆమెవైపే చూస్తున్నాడు, నోరు కదులుతోంది, మాట వినిపించడం లేదు.

బయట ఎవరూ అరవడం లేదు. ఇంతసేపూ అరిచిన జనం అలా ఊరుకుంటే స్వరూపకు అరుపుల కంటే ఎక్కువ భయమేసింది. ఒక ఆడగొంతు, "ఇన్నరా? మన లీడర్ ఏమన్నడో ఇన్నరా?" అంది. ఒక బండి స్టార్టయింది. తర్వాత ఇంకొకటి.

ఒళ్లో ఫోన్ మోగింది. తల్లి.

"ఇన్న బిడ్డా" అంది భారతమ్మ. ఆమె వెనక మెస్సులో గిన్నెల చప్పుడు లేదు. "మేమందరం ఇన్నం. తలుపు గడె వెట్టుకున్నవా?"

"పెట్టుకున్నమ్మా."

"తియ్యకు. నేనొస్తున్న. గీడ ఉన్నోళ్లందరం వస్తున్నం. నేను పిలిస్తేనే తియ్యి. పేరు వెట్టి పిలుస్త."

"సరేనమ్మా."

ఫోన్ పెట్టీ పెట్టకముందే తలుపు మీద ఎవరో కొట్టారు. లేడీస్ హాస్టల్ నుంచి అక్కడికి ఎంత గబగబా నడిచినా తల్లి అప్పుడే రాలేదు. స్వరూప కుర్చీలోంచి లేచి, గోడకు ఆనుకుని నిలబడి, ఏ పేరుతో పిలుస్తారా అని వింటూ ఉండిపోయింది.